సముద్రముఖమునకు ఒక పగటి ప్రయాణము



సెలవులు సమీపించినవనగా ప్రతి ఇంటను ఒక చర్చ మొదలగును. ఎక్కడికి పోవుదము? ఎన్ని దినములు? ఎంత వ్యయమగును? పిల్లలు సముద్రమందురు, పెద్దలు పుణ్యక్షేత్రమందురు. ఈ రెండు కోరికలును ఒక్క ప్రయాణముతో తీరవలెనన్నచో మనలో పెక్కుమందికి స్ఫురించునది పూరీ. జగన్నాథస్వామి దర్శనమును, సముద్రస్నానమును అయిన పిమ్మట ఎవరో ఒకరు తప్పక చెప్పుదురు: "ఇంత దూరము వచ్చి చిలకా సరస్సు చూడక పోవుదురా? పడవలో సముద్రముఖము వరకు పోయి రండు. ఒక పూట పని." ఆ "ఒక పూట పని" అను మాటను గురించియే నేటి నా ప్రసంగము.

చిలకా ఒడిశా రాష్ట్రమున పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాలలో వ్యాపించిన ఉప్పునీటి సరస్సు. మన దేశమందలి ఇట్టి సరస్సులలో ఇదియే పెద్దది. దీని తరువాతిది మన పులికాటు. వానకాలమున చిలకా వైశాల్యము 1,100 చదరపు కిలోమీటరులను దాటును. వేసవిలో 900 ప్రాంతమునకు తగ్గును. మహానది పాయలైన దయా, భార్గవి మున్నగునవి ఒక వైపునుండి మంచినీటిని తెచ్చి ఇందులో కలుపును. వేరొక వైపున బంగాళాఖాతము తన ఉప్పునీటిని లోనికి పంపును. సరస్సునకును సముద్రమునకును నడుమ పొడవైన ఇసుకతిన్నె గోడవలె అడ్డముగ నున్నది. ఆ గోడకు గండి పడిన చోటే సముద్రముఖము. అచ్చట నిలిచినవానికి ఒక చెంపన ప్రశాంతమైన సరస్సు, ఒక చెంపన ఘోషించు కడలి, కాళ్ళ క్రింద తెల్లని యిసుక. నీడ స్వల్పము, త్రాగునీరు దుర్లభము. సాతపడా రేవునుండి పోవు యాత్రికునకు పడవయే దారి. అయినను చలికాలమున ఆ రేవున పడవలు బారులు తీరి యాత్రికులను చేరవేయుచునే యుండును.

కొన్నియేండ్ల క్రిందట, ఒక డిసెంబరు నెలలో, మేము ఎనిమిదిమందిమి పూరీకి పోయితిమి: నేను, నా భార్య, మా అమ్మ, అక్కయ్య, బావగారు, వారి ముగ్గురు పిల్లలు. ఉదయము స్వామి దర్శనము చేసికొని, ప్రసాదము స్వీకరించి, బజారున పిల్లలకు కావలసినవి కొని, పదకొండింటికి సాతపడాకు బయలుదేరితిమి. దూరము సుమారు 50 కిలోమీటరులు. దారిలో టెంకాయ నీళ్ళకు ఒకసారియు, ఫోటోలకు ఒకసారియు బండి నిలిపితిమి. అచ్చట భోజనములు ముగించి రేవునకు నడచునప్పటికి రెండు గంటలైనది. ఎండ కాయుచున్నది. నీరు అద్దమువలె నున్నది. పిల్లలు పడవ కొరకు ఉరుకులాడుచున్నారు.

పడవ నడుపు నతడు మా వంక చూచి, ఆకాశము వంక చూచి, తల అడ్డముగ నూపెను.

పూరీ తీరమున తెలుగు మాటలాడు జాలరుల పేట యొకటి కలదు. వారి పూర్వులు మన తీరమునుండి పోయి అచ్చట స్థిరపడినవారు. ఆ పేటలోని వృద్ధుడొకడు మా బావగారికి పరిచితుడగుటచే మాతో కూడ వచ్చియుండెను. నేను కొంత కోపముతోనే అతనితో అంటిని: "ఇంకను మూడు గంటల పొద్దున్నది. నీరు కదలుటయే లేదు. ఏల రానందురో అడుగుము." అతడు ఒడియాలో అడిగి, నెమ్మదిగ నాతో చెప్పెను: "పోవడానికేముంది బాబూ, పోవచ్చంటన్నాడు. రావడమే కష్టమంటన్నాడు."

ఇది బేరము పెంచుటకు పన్నిన ఉపాయమని నేను తలచితిని. ఎక్కువ సొమ్ము ఇత్తునంటిని. అతడు వినలేదు. చేయునది లేక గట్టున కూర్చుంటిమి. ముప్పావు గంట గడచినదో లేదో, చెట్ల ఆకులు కదలనారంభించెను. మరికొంతసేపటికి అద్దమువంటి ఆ నీటిపై తెల్లని నురుగు వరుసలు లేచినవి. మాకంటె ముందు పోయిన పడవ యొకటి అప్పుడు తిరిగి వచ్చుచుండెను. అది ముందుకు సాగుటకంటె పైకిని క్రిందికిని లేచి పడుటయే ఎక్కువగ నుండెను. రేవునకు చేరునప్పటికి అందులోనివారందరును నిలువున తడిసియుండిరి. ఒక బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి తల్లి భుజముపై వ్రాలియుండెను. మా అమ్మ ఆ బిడ్డను చూచెను. పిదప నావంక చూచెను. ఏమియు అనలేదు. మేము సముద్రముఖము చూడకయే పూరీకి మరలితిమి.

ఆ మధ్యాహ్నము జరిగిన దానిలో వింత యేమియు లేదు. పగలు ఎండకు నేల త్వరగ వేడెక్కును. నీరు నిదానముగ వేడెక్కును. నేలపైని గాలి వేడెక్కి పైకి లేవగా, ఆ చోటు నింపుటకు సముద్రమునుండి చల్లని గాలి వీచును. ఉదయమున దీని జాడ యుండదు. మధ్యాహ్నము మొదలుకొని బలపడును. చిలకా చాల విశాలమైనది, కాని లోతులేనిది. చాల భాగమున లోతు ఒకటి రెండు మీటరులకు అటునిటు. లోతైన నీటిపై అలలు బారుగ, మెల్లగ లేచును. లోతులేని నీటిపై అవి పొట్టిగ, నిటారుగ, ఒకదాని వెంట నొకటి లేచి పడవ పక్కలను కొట్టును. ఆ ప్రాంతపు సన్నని పొడుగుపాటి పడవలు నిలకడ నీటికి అనువైనవే కాని ఇట్టి తాకిడికి ఉద్దేశింపబడినవి కావు. దీనికి తోడు సముద్రముఖము సమీపమున ఆటుపోటులున్నవి. పోటు సమయమున సుఖముగ సాగిన చోటనే ఆటు సమయమున పడవ ఇసుకమేటపై కూర్చుండవచ్చును.

ఈ సంగతి ఆ సరస్సు ప్రజలకు తరతరములుగ తెలియును. సరస్సు నడుమనున్న ఒక చిన్న దీవిపై కాళీజై అమ్మవారి గుడి కలదు. జాయి అను కొత్త పెండ్లికూతురు తండ్రితో కూడ పడవపై అత్తవారింటికి పోవుచుండగా గాలివాన చెలరేగి పడవ మునిగినదనియు, తక్కినవారు బ్రతికి బయటపడినను ఆమె మాత్రము కానరాలేదనియు, ఆమెయే ఆ దీవిన దేవతయై వెలసినదనియు అచ్చటివారు చెప్పుకొందురు. పడవవారు నేటికిని ఆ తల్లికి మ్రొక్కుకొందురు. గాలిని లెక్కచేయరాదను పాఠమును ఆ ప్రజలు కథగ దాచుకొన్నారు. మనము ఆ కథను విని, గుడిని చూచి, పాఠమును మరచి వచ్చుచున్నాము.

మనము సాధారణముగ ప్రయాణమును ఉదయమునుండి సాయంకాలమునకు లెక్కింతుము. ఎప్పుడు లేచెదము, ఎప్పుడు బయలుదేరెదము, ఎప్పుడు చేరెదము అని యోచింతుము. తిరిగి వచ్చు సంగతి చేరిన పిమ్మట చూచుకొందమందుము. నీటి ప్రయాణమునకు ఈ లెక్క పనికిరాదు. దానిని సాయంకాలమునుండి ఉదయమునకు వెనుకకు లెక్కింపవలెను.

డిసెంబరులో ఆ ప్రాంతమున సూర్యుడు ఐదుంబావు ప్రాంతముననే అస్తమించును. ఇది హైదరాబాదుకంటె సుమారు అరగంట ముందు. గడియారము దేశమంతటికిని ఒక్కటే కాని పొద్దు ఒక్కటి కాదు. అది యట్లుండ, గాలి బలపడునది మధ్యాహ్నము కనుక, పన్నెండున్నరకెల్ల తిరిగి రేవున కాలు మోపవలెను. ఇది మొదటి అంకె. మిగిలినవన్నియు దీనినుండియే పుట్టును. తిన్నెనుండి రేవునకు గంటన్నర ఉంచుకొన్నచో, పదకొండింటికి తిన్నెను విడువవలెను. అచ్చట ఒక గంట గడుపవలెనన్నచో పదింటికి చేరవలెను. పోవునప్పుడు మరియొక గంటన్నర. కావున ఎనిమిదిన్నరకు పడవ ఎక్కవలెను. రేవున పడవ కుదుర్చుకొనుటకు అరగంట, పూరీనుండి రోడ్డు ప్రయాణమునకు రెండు గంటలు. కావున ఆరింటికి బస విడువవలెను. ఆరింటికి విడువవలెనన్నచో ముందటి రాత్రి పూరీలోనే నిదురింపవలెను. దర్శనము ముందటి దినమునకో మరుసటి దినమునకో ఉంచుకొనవలెను. రెండు గొప్ప కార్యములను ఒక్క దినమున కుక్కరాదు.

ఈ లెక్కలో ముఖ్యమైనది మిగులు. పన్నెండున్నరనుండి చీకటి పడువరకు నాలుగు గంటలకు పైగ వెలుతురు చేతిలో మిగిలియుండును. ఇంజను ఆగినను, పడవ ఇసుకలో చిక్కినను, ఒకరికి అస్వస్థత కలిగినను ఆ మిగులే మనలను కాపాడును. మా మొదటి ప్రయాణమున ఆ మిగులును బజారునందును భోజనమునందును వ్యయము చేసి, వట్టి చేతులతో రేవునకు పోయితిమి.

ఏ ఒడ్డునకు పోవలెనో కూడ ముందుగ తెలిసికొనవలెను. విశాఖపట్టణమునుండి రైలులో పోవువారికి రంభ, బాలుగాం స్టేషనుల సమీపమున సరస్సు కనులపండువుగ గోచరించును. అందుచేత అచ్చట దిగినచో సముద్రముఖము చూడవచ్చునని కొందరు భ్రమపడుదురు. అవి పడమటి ఒడ్డున నున్నవి. కాళీజై దీవికి పోదలచినవారికి బాలుగాం దారి అనుకూలము. సముద్రముఖమునకు పోదలచినవారు ఖుర్దారోడ్డు మీదుగ పూరీకి చేరి, అచ్చటినుండి రోడ్డు మార్గమున సాతపడాకు పోవలెను. దీవులను, పక్షులను, సముద్రముఖమును ఒక్క దినముననే చూడవలెనను ఆశ మానుకొనుట మంచిది.

ఋతువును గురించి రెండు మాటలు. నవంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలము. మార్చి మొదలుకొని దక్షిణపు గాలి హెచ్చును. మే వరకు సాయంకాలములందు హఠాత్తుగ ఉరుములతో గాలివానలు విరుచుకొనిపడుటయు కలదు. వర్షర్తువున నీరు కలుషము, ప్రవాహము బలము. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురము చెంతను, 2019 మే నెలలో ఫణి తుపాను పూరీ చెంతను తీరము దాటిన సంగతి శ్రోతలకు జ్ఞాపకముండును. బయలుదేరుటకు ముందటి రాత్రి వాతావరణ సూచన వినుట మరువరాదు. అందు మత్స్యకారులను సముద్రములోనికి పోవలదని హెచ్చరించినచో, ఆ హెచ్చరిక మనకు కూడ వర్తించునని గ్రహింపవలెను. జీవనమునకై పోవువారే ఆగినప్పుడు విలాసమునకై పోవువారికి తొందర యేల?

పడవ కుదుర్చుకొనునప్పుడు మనము ధరను మాత్రమే బేరమాడుదుము. ధరకంటె ముందు అడుగవలసిన ప్రశ్నలు మూడు. ఏయే చోట్ల ఆపుదురు? మొత్తము ఎన్ని గంటలు? అందరికిని సరిపడు తేలుడు చొక్కాలున్నవా? మూడవ దానికి సమాధానము తృప్తికరము కానిచో ఆ పడవ ఎక్కకుడు. చొక్కాలుండుట వేరు, తొడుగుకొనుట వేరు. వానిని మెత్తలుగ వేసికొని కూర్చుండువారిని నేను చూచితిని. పిల్లలకు వారి కొలతకు తగినవి కావలెను. వదులైన చొక్కానుండి బిడ్డ జారిపోవును. పరిమితికి మించి ఒక్కరిని గూడ ఎక్కనీయకుడు. ఎనిమిదిమందికి ఒక పడవ చాలనిచో రెండు పడవలు తీసికొనుట లోభత్వము చూపదగిన విషయము కాదు. ఫోటో కొరకు అందరును ఒక ప్రక్కకు చేరరాదు.

వెంట గొనిపోవలసినవి ఎక్కువ లేవు. మనిషికి రెండేసి లీటరుల మంచినీరు, గొడుగు, తలకు గుడ్డ, పిల్లలకు ఒక జత పొడి బట్టలు, నిమ్మకాయలు, పులిహోర పొట్లములు. ఎండ పైనుండి యొకసారి, ఇసుకనుండియు నీటినుండియు మరొకసారి తగులును. పెద్దలకు ఒక గంటకే తల తిరుగును. ఖాళీ సీసాలు, పొట్లపు కాగితములు తిరిగి మనతోనే రావలెను. ఆ తిన్నెపై వేసినదంతయు ఒక గాలికి సరస్సునకో సముద్రమునకో చేరును. అచ్చట ఆలిచిప్ప పగులగొట్టి లోపలనుండి ముత్యము తీసి చూపువారు తారసిల్లినచో, వినోదముగ చూచి నవ్వుకొని రండు, ధనము వెచ్చింపకుడు.

స్నానమును గురించి మాత్రము గట్టిగ చెప్పుచున్నాను. గండి చెంత నీటిలో దిగరాదు. ఆటు సమయమున అంత పెద్ద సరస్సు నీరు ఆ ఇరుకు దారిగుండ సముద్రమునకు పరుగెత్తును. చూచుటకు అల లేదు, చప్పుడు లేదు. కాని మోకాలిలోతున నిలిచినవాని పాదముల క్రింది ఇసుకను సైతము లాగివేయును. ఈత వచ్చినవారు కూడ ఆ ప్రవాహమునకు ఎదురీదలేరు. పాదములు తడుపుకొనవలెనన్న కోరిక యున్నచో పడవవారు చూపిన చోట, పిల్లల చేయి విడువక, తడుపుకొనుడు.

పోవు దారిలో డాల్ఫినులు కనబడవచ్చును, కనబడకపోవచ్చును. ఇవి ఇరావతీ డాల్ఫినులను జాతి. గుండ్రని తల, ముందుకు పొడుచుకొనిరాని మూతి, వీపుపై చిన్న రెక్క. ఇవి గెంతి విన్యాసములు చూపు జాతి కావు. ఊపిరి కొరకు ఒక్క క్షణము వీపు చూపి మునుగును. ఈ జాతికిని మన తెలుగు తీరమునకును ఒక సంబంధము కలదు. 1852లో విశాఖపట్టణపు రేవున దొరికిన ఒక డాల్ఫిను ఆధారముగ, 1866లో రిచర్డ్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ జాతిని మొదటిసారి వర్ణించి పేరు పెట్టెను. చిలకాలో ఇవి ఇటీవలి గణనలలో నూటయేబది ప్రాంతమున లెక్కకు వచ్చినవి. అంత స్వల్పమైన సంఖ్యలో ఒక్కటి పోయినను లోటే. వలలలో చిక్కి కొన్ని, ఇంజను రెక్కలు తగిలి కొన్ని మరణించుచున్నవి. "ఇంకొంచెము దగ్గరకు పోనిమ్ము, పది రూపాయలు ఎక్కువ ఇత్తును" అని పడవవానిని తొందరపెట్టునది మనమే. ఇంజను ఆపించి, మాటలు మాని, పదినిమిషములు వేచియుండుడు. అవి వచ్చినచో అదృష్టము. రానిచో ఆ నిశ్శబ్దమే లాభము.

కడపటి సంగతి యొకటి. నిరుడు పోయి వచ్చినవారు చెప్పిన దూరము ఈ యేడు సరిపోకపోవచ్చును. ఏలయన సముద్రముఖము ఒక్కచోట నుండునది కాదు. తీరము వెంబడి అలలు ఇసుకను సంవత్సరము పొడుగున ఉత్తరమునకు నెట్టుచునే యుండును. గండి క్రమముగ జరుగును, పూడును, వేరొకచోట తెగును. 1990 ప్రాంతమునకు పాత ముఖము దూరమై, ఇసుక పూడి, సరస్సులో ఉప్పదనము తగ్గిపోయెను. నాచు, తుంగ పెరిగెను. చేపలు, రొయ్యలు తగ్గెను. 1981లో రామ్సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము పొందిన ఈ సరస్సు, 1993లో ప్రమాదస్థితిలోనున్న వాని పట్టికకెక్కెను. అప్పుడు నిపుణులు పరిశోధించి, 2000 సెప్టెంబరు 23న సిపకుడ చెంత ఇసుకతిన్నెను త్రవ్వి కొత్త ముఖము తెరచిరి. సముద్రమునకు దారి 18 కిలోమీటరులు తగ్గెను. ఉప్పునీరు తిరిగి లోనికి వచ్చెను, చేపలును వచ్చినవి. 2002లో ఆ పట్టికనుండి చిలకా పేరు తీసివేయబడెను. సుమారు రెండు లక్షలమంది మత్స్యకార జనులకు ఆ సరస్సు జీవనాధారము. మనము ఒక గంట వినోదముగ చూచి వచ్చు గండి వారికి సరస్సు ఊపిరి పీల్చు ముక్కు. అందుచేత ఏ దారిన పోవలెను, ఎంతసేపు పట్టును అను విషయమున పాత పుస్తకముకంటె ఆ ఉదయము రేవున నిలిచిన పడవవాని మాట ప్రమాణము.

మేము మరుసటి యేట మరల పోయితిమి. ఆ ఎనిమిదిమందిమే. ఈసారి ఆరింటికి బస విడిచితిమి. పిల్లలు బండిలోనే నిదుర తీర్చుకొనిరి. ఎనిమిదిన్నరకు పడవ కదలెను. డాల్ఫినులు రెండు మారులు వీపులు చూపినవి. పదింటికి తిన్నెపై అడుగిడితిమి. ఎర్రని పీతలు మా అడుగుల సవ్వడికి ఇసుకలో దూరుచుండగా పిల్లలు కేరింతలు కొట్టిరి. ఒక ప్రక్క నీలము, ఒక ప్రక్క ఆకుపచ్చ. నడుమ సన్నని తెల్లని గీటువలె నున్న ఆ తిన్నెపై మేమంతయు మాటలు మరచి నిలిచితిమి.

పదకొండైనది. గాలి లేదు, మబ్బు లేదు. అక్కయ్య నాతో, "ఇంకొక్క గంట ఉందామురా తమ్ముడూ, మళ్ళీ ఎప్పుడు వస్తామో" అన్నది. నాకును అదే ఆశ. పడవవాడు ఏమియు అనలేదు. మా వంక చూచుచుండెను. నేను తటపటాయించుచుండగా మా అమ్మ లేచి, చీర కుచ్చెళ్ళ ఇసుక దులుపుకొని, చిన్న మనుమని చేయి పట్టుకొని, పడవ వైపు నడచెను. మేము వెంట నడచితిమి.

మనసు నిండక ముందే లేచి వచ్చుట ఈ ప్రయాణమునకు చెల్లింపవలసిన మూల్యము. అది కష్టమే, కాదని చెప్పను. మేము రేవు గట్టున చెట్టు నీడను కూర్చుండి పులిహోర పొట్లములు విప్పునప్పటికి కొమ్మలు కదలనారంభించెను.

ఈ సెలవులకు అటు పోదలచినవారు ఒక కాగితము తీసికొని, అన్నిటికంటె క్రింద, తిరిగి రేవునకు చేరవలసిన వేళను ముందుగ వ్రాసికొనుడు. మిగిలినవి దానిపైన వ్రాయవచ్చును.